మ్యాక్సిమైజ్ చేసిన విండోల సైజు మార్చడం, సర్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఆఫీసు పని సగం ఇంటికొచ్చాక, పీజీ గదిలో చిన్న బల్ల మీదో, వన్ బీహెచ్‌కే హాల్లో ఓ మూలనో ల్యాప్‌టాప్, దాని పక్కన ఒక మానిటర్ మామూలైపోయాయి. వాటితోపాటు ఈ సందేహాలూ మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకునేలా రాశాం. వేరేగా చెప్పనిచోట జవాబు విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తుంది.

## మ్యాక్సిమైజ్ అయిన విండోని చిన్నది చేయడం

విండో అంచు పట్టుకుని లాగుతున్నా సైజు మారట్లేదు. మౌస్ పాడైందా?

మౌస్ బాగానే ఉంది. మ్యాక్సిమైజ్ అంటే పెద్ద సైజు అని అనుకుంటాం కానీ, కంప్యూటర్ లెక్కలో అదొక స్థితి. ప్రతి విండోకీ మామూలు సైజు, స్థానం విడిగా గుర్తుంటాయి. మ్యాక్సిమైజ్ చేస్తే వాటిని పక్కన పెట్టి తెరంతా ఇచ్చేస్తుంది. ఆ స్థితిలో ఉన్నంతసేపూ అంచులు పనిచేయవు. ముందు మామూలు సైజుకి తేవాలి. అందుకు నాలుగు దారులున్నాయి: కుడివైపు పైన మూడు బటన్లలో మధ్యది నొక్కడం, టైటిల్ బార్ (విండో పైన పేరుండే పట్టీ) మీద డబుల్ క్లిక్ చేయడం, ఆ పట్టీ పట్టుకుని కిందికి లాగడం, విండోస్ కీతో కింది బాణం నొక్కడం. ఆ తర్వాత ఏ అంచు లాగినా సాగుతుంది. మూల పట్టుకుంటే పొడవు, వెడల్పు ఒకేసారి మారతాయి.

కింది బాణం ఒక్కసారే నొక్కండి. రెండోసారి నొక్కితే విండో టాస్క్‌బార్‌లోకి దిగిపోతుంది.

మధ్య బటన్ నొక్కినా విండో అంతే పెద్దగా ఉంటోంది. ఏమీ మారట్లేదు.

మారుతోంది, మీకు తెలియట్లేదంతే. ఎప్పుడో మామూలు స్థితిలో ఉన్న విండోని నాలుగు అంచులూ లాగి తెర నిండా పరిచి ఉంటారు. ఇప్పుడు దాని మామూలు సైజు, మ్యాక్సిమైజ్ సైజు దాదాపు ఒకటే. మధ్య బటన్ బొమ్మ చూడండి: ఒకే చతురస్రం ఉంటే విండో మామూలు స్థితిలో ఉన్నట్టు, ఒకదాని వెనుక ఒకటి రెండు ఉంటే మ్యాక్సిమైజ్ అయినట్టు. ఒకే చతురస్రం కనిపించేదాకా తెచ్చి, కుడి అంచునూ కింది అంచునూ లోపలికి లాగి మీకు కావలసిన సైజు చేయండి. ఇకమీదట బటన్ నొక్కినప్పుడల్లా ఆ సైజుకే వస్తుంది.

అంచు మీద మౌస్ పెడితే రెండు తలల బాణం దొరకడం లేదు.

కనిపించే గీత మీదే వెతుకుతున్నారు. విండోస్ 10 నుంచి అంచు గీత సన్నగా ఒక పిక్సెల్ ఉంటుంది. పట్టుకునే చోటు దాని బయట, కంటికి కనిపించకుండా ఏడెనిమిది పిక్సెళ్ళ మేర ఉంటుంది. కాబట్టి గీత దాటి కాస్త బయట వెతకండి. పై అంచు మాత్రం తేడా, అక్కడ గీత దగ్గరే పట్టుకోవాలి.

టచ్‌ప్యాడ్ పనిచేయట్లేదు. కీబోర్డుతోనే సైజు మార్చగలమా?

మార్చవచ్చు. ఆల్ట్ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే విండో మెనూ తెరుచుకుంటుంది. అందులో ఆర్ నొక్కితే మామూలు సైజు వస్తుంది. మళ్ళీ ఆల్ట్, స్పేస్ నొక్కి ఎస్ నొక్కండి. ఇప్పుడు కుడి బాణం ఒకసారి నొక్కితే కుడి అంచు పట్టుకున్నట్టు, కింది బాణం నొక్కితే కింది అంచు పట్టుకున్నట్టు. తర్వాత బాణాలతో జరిపి ఎంటర్ నొక్కాలి. వద్దనుకుంటే ఎస్కేప్.

ఆల్ట్, స్పేస్ నొక్కితే మెనూ బదులు వెతుకులాట పెట్టె వస్తోందంటే, ఏదో ప్రోగ్రామ్ ఆ కీలను తన కోసం తీసుకుంది. మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సాఫ్ట్‌వేర్ పవర్‌టాయ్స్‌లోని రన్ అలా చేస్తుంది. దాని సెట్టింగ్స్‌లో కీలు మార్చుకుంటే సరిపోతుంది.

విండో పైన అసలు బటన్లే లేవు. టైటిల్ బార్ కూడా మాయమైంది.

అది మ్యాక్సిమైజ్ కాదు, ఫుల్ స్క్రీన్. బ్రౌజర్‌లోనూ చాలా ప్రోగ్రాముల్లోనూ ఎఫ్ 11 నొక్కితే బయటికొస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. లేకపోతే వెలుతురు తగ్గడమో సౌండు పెరగడమో జరుగుతుంది. వీడియో అయితే ఎస్కేప్ చాలు. తెర మడిచే రకం ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉండి, అన్ని ప్రోగ్రాములూ తెరనిండానే తెరుచుకుంటుంటే ట్యాబ్లెట్ మోడ్ ఆన్‌లో ఉన్నట్టు. విండోస్ కీతో ఏ నొక్కి, కుడివైపు వచ్చే పలకల్లో దాన్ని ఆపేయండి.

మధ్య బటన్ మసకగా ఉంది, నొక్కనివ్వట్లేదు.

ఆ విండోని ఒకే సైజులో ఉండేలా తయారుచేశారు. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లలో, సెట్టింగుల పెట్టెల్లో ఇది మామూలే. విండోస్ వైపు నుంచి చేయగలిగింది లేదు.

ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా చిన్నగా వస్తోంది. ప్రతిసారీ పెద్దది చేసుకోవాల్సిందేనా?

చాలా ప్రోగ్రాములు చివరిసారి మూసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే తెరుచుకుంటాయి. ఆ ప్రోగ్రామ్ విండోలు రెండు మూడు తెరిచి ఉంటే, అన్నిటికంటే చివర మూసినదే లెక్క. కాబట్టి ఒక్క విండోనే ఉంచి, మ్యాక్సిమైజ్ చేసి, అలాగే మూయండి. అప్పటికీ మాట వినకపోతే డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ని రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రన్ అన్న చోట మ్యాక్సిమైజ్డ్ ఎంచుకోండి. పాత తరహా ప్రోగ్రాములకు ఇది పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దింపుకున్న వాటికి చాలాసార్లు ఆ వరుసే కనిపించదు. ఇంకో మాట, ఈ మార్పు ఆ షార్ట్‌కట్‌కే. టాస్క్‌బార్ మీది గుర్తుతో తెరిస్తే పాత పద్ధతే.

## పక్కపక్కన సర్దడం

రెండు విండోలు సరిగ్గా సగం సగం రావాలంటే?

మొదటి విండో మీద క్లిక్ చేసి, విండోస్ కీతో ఎడమ బాణం నొక్కండి. అది ఎడమ సగానికి అతుక్కుని, మిగిలిన సగంలో తెరిచి ఉన్న ఇతర విండోల చిన్న బొమ్మలు వస్తాయి. కావలసిన దాని మీద క్లిక్ చేస్తే అది కుడి సగం నింపుతుంది. మౌస్‌తో అయితే టైటిల్ బార్ పట్టుకుని తెర అంచుకు తగిలేదాకా లాగి వదలాలి. ఆగాల్సింది విండో అంచు తగిలినప్పుడు కాదు, మౌస్ బాణం తగిలినప్పుడు. చాలామందికి ఇక్కడే కుదరదు.

రెండూ కుదిరాక మధ్య గీత పట్టుకుని జరిపితే ఒకటి పెరుగుతూ రెండోది తగ్గుతుంది. పావు భాగం కావాలంటే ఎడమ బాణం తర్వాత, విండోస్ కీ వదలకుండా పై బాణమో కింది బాణమో నొక్కండి. విండోస్ 11లో విండోస్ కీ, ఆల్ట్ కలిపి పై బాణం నొక్కితే పై సగానికి వెళ్తుంది. నిలువుగా తిప్పి పెట్టుకున్న మానిటర్‌కి ఇది బాగా పనికొస్తుంది.

విండోస్ 11లో మూడు సమాన నిలువు భాగాల అమరిక అందరికీ ఉందట. నాకు అది కనిపించట్లేదు.

మ్యాక్సిమైజ్ బటన్ మీద మౌస్ ఆపినా, విండోస్ కీతో జెడ్ నొక్కినా అమరికల పెట్టె వస్తుంది. మూడు సమాన నిలువు భాగాలు అందులో ఉండాలంటే తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు ఉండాలి, అదీ స్కేలింగ్ పోను. ల్యాప్‌టాప్ తెర 1920 అయినా, అక్షరాలు పెద్దగా కనిపించాలని స్కేలింగ్ 125 శాతం పెట్టి ఉంటే విండోస్ దాన్ని 1536గా లెక్కేస్తుంది. 150 శాతమైతే 1280. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే తెరిచి స్కేల్ 100కి తెస్తే మూడు భాగాలూ వస్తాయి. పద్నాలుగు అంగుళాల తెర మీద మాత్రం ఆ పని చేయకండి. అమరిక దక్కుతుంది, కళ్ళు పోతాయి. 24 అంగుళాల మానిటర్‌కి 100 శాతం సరిగ్గా ఉంటుంది.

సగానికి పెడితే ఒక విండో ఒదగట్లేదు, పక్కదాని మీదికి వస్తోంది.

ప్రతి ప్రోగ్రామ్‌కీ ఇంతకంటే చిన్నగా కాను అనే కనీస వెడల్పు ఉంటుంది. 1366 పిక్సెళ్ళ పాత ల్యాప్‌టాప్ తెరలో సగం అంటే 683. అందులో కొన్ని ప్రోగ్రాములు ఇమడవు. వెబ్‌సైట్లు ఇమిడినా చాలావరకు ఫోన్‌లో కనిపించే రూపానికి మారిపోతాయి. బ్రౌజర్ అయితే కంట్రోల్‌తో మైనస్ నొక్కి 80 శాతానికి తగ్గించండి, చాలాసార్లు పేజీ మళ్ళీ కంప్యూటర్ రూపానికి వస్తుంది. ప్రోగ్రామ్ అయితే మొండిదానికి ఎక్కువ వెడల్పు ఇచ్చి, మధ్య గీతను రెండో వైపుకి జరపడమే దారి.

ఎక్సెల్‌లో రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి సరిచూడాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకటి, మా లెడ్జర్ ఒకటి.

ఎక్సెల్ 2013 నుంచి ప్రతి ఫైలూ సొంత విండోలో తెరుచుకుంటుంది. అంతకుముందు అన్నీ ఒకే పెద్ద విండో లోపల ఉండేవి. ఈ పనికి మామూలు సగం-సగం కంటే మంచిది ఎక్సెల్‌లోనే ఉంది. రెండు ఫైళ్ళూ తెరిచి, వ్యూ ట్యాబ్‌లో వ్యూ సైడ్ బై సైడ్ నొక్కండి. ఫైళ్ళు పైనా కిందా వస్తే, అదే ట్యాబ్‌లో అరేంజ్ ఆల్ నొక్కి వర్టికల్ ఎంచుకోండి. సింక్రనస్ స్క్రోలింగ్ ఆన్‌లో ఉంటే ఒకటి జరిపితే రెండోదీ జరుగుతుంది. వరుసలు తేడాగా మొదలైతే దాన్ని ఆపి, రెంటినీ ఒకే తేదీకి తెచ్చి, మళ్ళీ ఆన్ చేయండి.

ఒకే ఫైలులో రెండు షీట్లు చూడాలంటే వ్యూలో న్యూ విండో నొక్కాలి. ఫైలు పేరు పక్కన 1, 2 అని వస్తాయి. కాపీ అయిందని కంగారు పడొద్దు, ఫైలు ఒకటే. ఎందులో మార్చినా రెండింట్లో మారుతుంది. సేవ్ చేశాక 2 అన్నదాన్ని మూసి, తర్వాత మొదటిది మూయండి.

విండోని కాస్త పక్కకి జరిపితే చాలు, దానంతటదే సగానికి అతుక్కుపోతోంది. ఆపేదెలా?

సెట్టింగ్స్, సిస్టమ్, మల్టీటాస్కింగ్. అక్కడ స్నాప్ విండోస్ ఆపేయండి. పూర్తిగా ఆపేస్తే విండోస్ కీ, బాణాల పద్ధతి కూడా పోతుందని గుర్తుంచుకోండి. సగం పెట్టగానే పక్కన వచ్చే చిన్న బొమ్మలొక్కటే విసుగైతే, స్నాప్ వరుసను విప్పి ఆ ఒక్క టిక్ తీసేయండి. మా అభిప్రాయం అడిగితే ఇదే మేలు. 1985 నాటి మొదటి విండోస్‌లో ప్రోగ్రాముల విండోలు ఒకదాని మీద ఒకటి పడే వీలే లేదు, అన్నీ గచ్చు పలకల్లా పక్కపక్కనే ఉండేవి. 1987లో రెండో విండోస్‌తో ఒకదాని మీద ఒకటి పడే స్వేచ్ఛ వచ్చింది. 2009లో విండోస్ 7తో ఈ అతుక్కోవడం మొదలైంది.

టాస్క్‌బార్ రైట్ క్లిక్ చేస్తే కాస్కేడ్, సైడ్ బై సైడ్ ఉండేవి. విండోస్ 11లో ఎక్కడున్నాయి?

తీసేశారు. వాటి స్థానంలో ఉన్నవి విండోస్ కీతో జెడ్ నొక్కితే వచ్చే అమరికలే. విండోస్ 10లో మాత్రం ఇంకా టాస్క్‌బార్ ఖాళీచోట రైట్ క్లిక్ చేస్తే ఉంటాయి. టాస్క్‌బార్‌లోకి దించేసిన విండోలను అవి లెక్కలోకి తీసుకోవు.

నాకు నచ్చిన కొలతల్లో భాగాలు చేసుకోవచ్చా? ఒక విండో ఎప్పుడూ పైనే ఉండాలంటే?

రెండిటికీ మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్ ఉంది, ఉచితం. అందులో ఫ్యాన్సీజోన్స్‌తో భాగాలు గీసుకుని, షిఫ్ట్ పట్టుకుని విండో లాగితే ఆ భాగంలో కూర్చుంటుంది. విండోస్ కీ, కంట్రోల్, టి నొక్కితే ఆ విండో అన్నిటి పైనా నిలుస్తుంది. మళ్ళీ అవే నొక్కితే మామూలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉండకపోవచ్చు. ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టి అడగండి, దొడ్డిదారి వెతకొద్దు.

## రెండో మానిటర్ తగిలించాక

మ్యాక్సిమైజ్ అయిన విండోని అలాగే రెండో మానిటర్‌కి పంపాలి.

విండోస్ కీ, షిఫ్ట్, ఆ వైపు బాణం. చిన్నది చేయకుండానే దాటుతుంది, అక్కడా మ్యాక్సిమైజ్‌గానే ఉంటుంది.

విండో తెరిచే ఉంది, టాస్క్‌బార్‌లో కనిపిస్తోంది, తెర మీద మాత్రం ఎక్కడా లేదు.

ఆఫీసులో మానిటర్ మీద ఉంచి, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచేవాళ్ళకు ఎక్కువగా వచ్చే సమస్య ఇది. లేని మానిటర్ మీద ఆ విండో కూర్చుంది. ముందు టాస్క్‌బార్‌లో దాని గుర్తు నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ బాణం నొక్కండి. రాకపోతే ఇలా:

1. టాస్క్‌బార్‌లో గుర్తు మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి. ఆ ప్రోగ్రామ్‌కి ఒకే విండో తెరిచి ఉండాలి.
2. రిస్టోర్ నొక్కడానికి వీలుంటే నొక్కండి. తర్వాత అదే మెనూ మళ్ళీ తెరిచి మూవ్ ఎంచుకోండి.
3. ఏదైనా బాణం కీ ఒక్కసారి నొక్కండి. విండో మౌస్‌కి అంటుకుంటుంది.
4. మౌస్ కదిపి విండోని తెర మధ్యకి తెచ్చి, క్లిక్ చేసి వదలండి.

మూడో మెట్టు మరిచిపోతే మౌస్ ఎంత కదిపినా విండో రాదు. ఇదీ కుదరకపోతే విండోస్ కీతో పి నొక్కి, పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకుంటే విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చేస్తాయి.

కరెంటు పోయి వచ్చేసరికి మానిటర్ మీది విండోలన్నీ ల్యాప్‌టాప్ మీద కుప్ప పడుతున్నాయి.

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, మానిటర్‌కి లేదు. మానిటర్ ఆరగానే కేబుల్ పీకేసినట్టే విండోస్ అనుకుంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ తెరిచి, మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల స్థానాలు గుర్తుంచుకోమనే టిక్ పెట్టండి. దాని కింద, మానిటర్ ఊడితే విండోలను దించేయమనే టిక్ కూడా ఉంటుంది. రెండూ పెడితే కరెంటు వచ్చాక ఎక్కడివక్కడ కూర్చుంటాయి. కేబుల్ ఎప్పుడూ ఒకే పోర్టుకి పెట్టడం మంచిది. విండోస్ 10లో ఈ సదుపాయం లేదు. వర్షాకాలంలో మాటిమాటికీ కరెంటు పోయే ఏరియా అయితే మానిటర్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టుకోవడమే అసలు పరిష్కారం.

ల్యాప్‌టాప్ నుంచి మానిటర్‌కి లాగగానే విండో సైజు మారిపోతోంది, అక్షరాలు మసకబారుతున్నాయి.

రెండు తెరల స్కేలింగ్ వేరు. ల్యాప్‌టాప్ 150 శాతం, మానిటర్ 100 శాతం ఉంటే దాటేటప్పుడు విండోని కొత్తగా కొలవాలి. కొత్త ప్రోగ్రాములు ఈ పని బాగా చేస్తాయి, పాతవి మసకబారతాయి. మసకబారే ప్రోగ్రామ్‌ని మూసి, దాని షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌కి వెళ్ళండి. కింద ఓవర్‌రైడ్ టిక్ పెట్టి, మొదట సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ప్రయత్నించండి. అది నచ్చకపోతే అప్లికేషన్. రెండోదానితో అక్షరాలు పదునుగా వస్తాయి కానీ బాగా చిన్నవైపోవచ్చు.

టీవీని మానిటర్‌గా వాడుతున్నాను. మ్యాక్సిమైజ్ చేస్తే టాస్క్‌బార్, మూసే బటన్ సగం తెగిపోతున్నాయి.

తప్పు విండోది కాదు, టీవీది. సినిమాల కోసం టీవీలు బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోస్తాయి. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు తెరిచి జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్ లాంటి పేరున్నది ఎంచుకోండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది.

ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ మానిటర్ చూస్తున్నాను. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవడానికి ఏది తీసుకోవాలి?

అంగుళాల కంటే ముందు పిక్సెళ్ళు అడగండి. 1366 వెడల్పు వద్దు. 1920×1080 అయితే ఒక్కో సగం 960, రెండు డాక్యుమెంట్లకి సరిపోతుంది. ఎత్తులో మాత్రం టాస్క్‌బార్ కొంత తినేస్తుంది, విండోస్ 11లో 100 శాతం స్కేలింగ్ దగ్గర 48 పిక్సెళ్ళు. 2560×1440 అయితే సగం 1280, మూడు భాగాలు చేసినా ఒక్కోటి 850 పైనే. కోడ్, బ్రౌజర్, చాట్ మూడూ తెరిచి పెట్టేవాళ్ళకి ఇదే సుఖం. మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి, అక్కడే తగిలించి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రికమెండెడ్ అని చూపే సంఖ్య షాపులో చెప్పిన సంఖ్య ఒకటేనా అని చూసి, అప్పుడు డబ్బులివ్వండి.

రిమోట్ డెస్క్‌టాప్‌లో విండోస్ కీ, బాణం నొక్కితే లోపలి విండో కాకుండా రిమోట్ విండో మొత్తం కదులుతోంది.

రిమోట్ డెస్క్‌టాప్ ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడే ఆ కీలు అవతలి కంప్యూటర్‌కి వెళ్ళేలా మొదటి నుంచీ పెట్టి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, బ్రేక్ నొక్కితే ఫుల్ స్క్రీన్‌కి వెళ్తుంది, అవే మళ్ళీ నొక్కితే బయటికొస్తుంది. చిన్న విండోలో కూడా కీలు అటే వెళ్ళాలంటే, కనెక్ట్ అయ్యే ముందు షో ఆప్షన్స్, లోకల్ రిసోర్సెస్, కీబోర్డ్ దగ్గర ఆన్ ది రిమోట్ కంప్యూటర్ ఎంచుకోండి. విండో చిన్నది చేసినప్పుడు పక్కన స్క్రోల్ బార్లు వస్తుంటే, దాని టైటిల్ బార్ రైట్ క్లిక్ చేసి స్మార్ట్ సైజింగ్ పెట్టండి.

## మ్యాక్, ఉబుంటు వాడేవాళ్ళు

మ్యాక్‌లో పచ్చ బటన్ నొక్కితే మెనూ కూడా మాయమవుతోంది. విండోస్‌లో లాగా మ్యాక్సిమైజ్ లేదా?

పచ్చ బటన్ ఫుల్ స్క్రీన్‌కి తీసుకెళ్తుంది. ఆప్షన్ కీ పట్టుకుని నొక్కితే ఫుల్ స్క్రీన్ కాకుండా విండో మాత్రం పెరుగుతుంది. ఎంత పెరగాలో ఆ ప్రోగ్రామ్ ఇష్టం. 2024లో వచ్చిన మ్యాక్ఓఎస్ వెర్షన్ సెక్వోయా నుంచి విండోని తెర అంచుకు లాగితే సగానికి, పైన మెనూ బార్‌కి తాకిస్తే తెరంతా నిండుతుంది. కీబోర్డుతో ఎఫ్ఎన్, కంట్రోల్, ఎఫ్ నొక్కితే నిండుతుంది, ఎఫ్ఎన్, కంట్రోల్, ఆర్ నొక్కితే పాత సైజు వస్తుంది. విండోల మధ్య మిగిలే ఖాళీ నచ్చకపోతే డెస్క్‌టాప్ అండ్ డాక్ సెట్టింగ్స్‌లో మార్జిన్స్ టిక్ తీసేయండి.

ఉబుంటులో విండోల సైజు మార్చి సర్దుకునేదెలా?

విండోస్ బొమ్మ ఉన్న కీనే అక్కడ సూపర్ అంటారు. సూపర్‌తో పై బాణం మ్యాక్సిమైజ్, కింది బాణం మామూలు సైజు, పక్క బాణాలు సగం. షిఫ్ట్ కలిపితే పక్క మానిటర్‌కి వెళ్తుంది. ఆల్ట్, ఎఫ్ 8 నొక్కి బాణాలతో సైజు మార్చవచ్చు. టైటిల్ బార్ తెర పైకి పోయి అందకపోతే, సూపర్ పట్టుకుని విండోలో ఎక్కడైనా మౌస్‌తో పట్టి లాగండి, కిందికి వస్తుంది. పావు భాగాల అమరిక 23.10 వెర్షన్ నుంచి ఉంది.